అద్దానికి ఏ వైపు?

రంగుటద్దాల కిటికీని పగటిపూట బయట నిలబడి చూస్తే ఏమీ కనిపించదు. మసిబారినట్టుండే పలకలు, వాటి మధ్య నల్లని గీతలు, అంతే. అదే కిటికీని లోపలికెళ్లి చూడండి. నీలం, ఎరుపు, పసుపు, ఊదా... బొమ్మలన్నీ లేచి నిలబడతాయి. చర్చి కట్టినవాళ్లకి ఈ సంగతి బాగా తెలుసు. బయట ఉన్నవాళ్లకి చీకటి, లోపలికొచ్చినవాళ్లకి వెలుగు. వాళ్లు చెప్పదలచుకున్న మాటా అదే. నాకు మాత్రం ఈ కిటికీల గురించి చదివేకొద్దీ ఒకటే ప్రశ్న. లోపలికి ఎవర్ని రానిస్తారు? వచ్చినవాళ్లని ఎక్కడ కూర్చోబెడతారు?

ఈ ప్రశ్న నాకు చర్చిలో పుట్టలేదు. మాదాపూర్‌లో పుట్టింది. 2001 నుంచి పదిహేడేళ్లు హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో డాక్యుమెంటేషన్ పని చేశాను. ఇంగ్లిష్ ఎమ్మే చదివి లెక్చరర్ పోస్టు కోసం ఎదురుచూసి విసిగిపోయిన నాలాంటి వాళ్లకి అప్పట్లో అదొక దారి. మా అంతస్తుకి గోడలు లేవు. నేల నుంచి పైకప్పు దాకా అద్దాలే. వాటి పక్కన కూర్చుని పనిచేస్తూ గాజు గురించి ఆలోచించడం మొదలుపెట్టాను. ఆ ఆలోచన నన్ను మా తాతగారింటికి, ఫలక్‌నుమాకి, లండన్‌కి, చివరికి మెదక్‌కి తీసుకెళ్లింది.

ముందు మా తాతగారిల్లు. తెనాలి దగ్గర పల్లె. ముందుగది తలుపు మీద అర్ధచంద్రాకారంలో రంగుటద్దాలుండేవి. ఒక ఆకుపచ్చ ముక్క, ఒక ఎర్ర ముక్క, రెండు పసుపు, ఒక నీలం. అలాంటి తలుపులు మీలో చాలామంది ఇళ్లల్లో ఉండే ఉంటాయి. తెల్లదొరల బంగళాల్ని చూసి జమీందార్లు, జమీందార్లని చూసి కాస్త భూమీ పుట్రా ఉన్నవాళ్లు పెట్టించుకున్న సోకు అది. మధ్యాహ్నం మూడింటికి ఆ రంగులు ముందుగది నేల మీద పరుచుకునేవి. ముందుగది మగవాళ్లది. ఆ వేళకి తాతయ్య, ఆయన స్నేహితులు పేకాటలో ఉండేవారు. మా అమ్మమ్మ వంటింటి వసారాలో పొయ్యి పొగలో ఉండేది. ఆ ఇంట్లో నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషి ఆ రంగుల వెలుగులో కూర్చోగా నేను చూడలేదు. పొద్దున్నే ఆ గది ఊడ్చేది మాత్రం ఆవిడే. పొద్దున ఆ తలుపు మీద ఎండ పడదు.

హైదరాబాద్‌లో ఈ సోకుకి పెద్ద ఉదాహరణ ఫలక్‌నుమా. పైగా వంశానికి చెందిన నవాబు వికారుల్ ఉమ్రా 1884లో పునాది వేయించారు. ఇటాలియన్ చలువరాయి, రంగుటద్దాల కిటికీలు - అచ్చం విక్టోరియా కాలపు ఇంగ్లిష్ కులీనుల అభిరుచి. తర్వాత అది ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ చేతికొచ్చింది. అక్కడా జనానా ఉంది. పరదాకీ రంగుటద్దానికీ ఒక పోలిక ఉందని నాకు అనిపిస్తుంది. రంగుటద్దం వెలుగుని లోపలికి రానిస్తుంది, చూపుని బయటికి పోనివ్వదు. దాని పక్కన ఎంతసేపు కూర్చున్నా వీధి కనిపించదు. వెలుతురు కావాలి, ప్రపంచం వద్దు అనుకునే ఇంటికి ఇంతకంటే తగిన కిటికీ ఏముంటుంది? 2010 నుంచి ఫలక్‌నుమా తాజ్ వాళ్ల హోటల్. గది అద్దె కట్టగలిగితే ఇప్పుడు ఆడవాళ్లయినా మగవాళ్లయినా ఆ వెలుగులో టీ తాగొచ్చు.

ఇక విక్టోరియా పేరు నేరుగా ముడిపడిన కట్టడమూ మన ఊళ్లోనే ఉంది. బొల్లారంలోని హోలీ ట్రినిటీ చర్చి. 1847లో రాణి సొంత డబ్బుతో కట్టించిందని చెప్తారు. 1983 నవంబరులో ఎలిజబెత్ రాణి తన పెళ్లిరోజున అక్కడే ప్రార్థన చేసింది. అలాంటి కంటోన్మెంటు చర్చిల్లోకి వెళ్తే గోడల నిండా స్మారక ఫలకాలుంటాయి. ఏ రెజిమెంటు, ఏ హోదా, ఏ జబ్బుతో పోయాడు అన్నీ రాసి ఉంటాయి. మధ్య మధ్య ఇరవై రెండేళ్లకే పోయిన ఒక భార్య, పేరు కూడా పెట్టకముందే పోయిన ఒక పసికందు. ఆ భార్య ఫలానా కెప్టెన్ గారి భార్య. స్మారక కిటికీలదీ అదే పద్ధతి. కలకత్తా సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో బర్న్-జోన్స్ గీసిన గొప్ప కిటికీ ఉంది, 1872లో అండమాన్‌లో హత్యకు గురైన వైస్రాయి లార్డ్ మేయో జ్ఞాపకార్థం పెట్టింది. ఎవరి కోసం పెట్టారో తెలుస్తుంది, ఎవరు గీశారో తెలుస్తుంది. ఎవరు కోశారు, ఎవరు అతికారు అనేది ఎవరూ రాయలేదు.

కోయడం, అతకడం అంటే ఏమిటో కాస్త చెప్పాలి. ఎందుకంటే అది తెలిశాకే ఈ కిటికీలు నాకు మన పనుల్లాగా కనిపించాయి. ముందు కిటికీ ఎంత ఉందో అంత పెద్ద కాగితం మీద బొమ్మ గీస్తారు. దాని ప్రకారం రంగు గాజుని ముక్కలుగా కోస్తారు. రంగు పైన పూసింది కాదు, గాజు కరిగినప్పుడే అందులో కలిపింది. కోబాల్టు వేస్తే నీలం, మాంగనీసు వేస్తే ఊదా, రాగితోనో బంగారంతోనో ఎరుపు. ఒక్క పసుపు మాత్రం వెండి లవణాన్ని గాజు మీద పూసి కొలిమిలో పెట్టి తెప్పించే పద్ధతి ఉంది. ముఖాలు, చీర మడతల్లాంటి గుడ్డ మడతలు, వేళ్లు గీసేది ముదురు గోధుమ రంగు పూతతో. అందులో ఉండేది మెత్తగా నూరిన గాజు, ఇనుము లేదా రాగి ఆక్సైడు. దాన్ని ఆరేడు వందల డిగ్రీల వేడిలో కాలిస్తే గాజులో కలిసిపోతుంది. మన శ్రీకాళహస్తి కలంకారీలో నల్లగీత కూడా ఇనుముదే. తుప్పు పట్టిన ఇనప ముక్కల్ని బెల్లం నీళ్లలో నానబెట్టి చేస్తారు. ఆఖరున గాజు ముక్కల్ని సీసం పట్టీల మధ్య బిగించి, కలిసే చోట టంకం వేసి, అవిసె నూనె కలిపిన మెత్తని ముద్దతో సందులు పూడుస్తారు.

ఇది చదివినప్పుడు మా అమ్మమ్మ బొంత గుర్తొచ్చింది. పాత చీరల్లో చిరగని చోటు చూసి కోయడం, ఏ ముక్క పక్కన ఏ ముక్క ఒదుగుతుందో చూసుకోవడం, కుట్టుతో కలపడం. బొంతకి కుట్టు ఎలాగో కిటికీకి సీసం అలాగ. ఒకటి కళ అయింది, ఒకటి తీరికవేళ పని అయింది. మా అమ్మమ్మకి తీరిక ఎప్పుడుండేదో ఆ మాట పెట్టినవాళ్లే చెప్పాలి.

విక్టోరియా పాలించిన కాలంలో బ్రిటన్‌లో ఈ కిటికీల పని పెద్ద పరిశ్రమ. మధ్యయుగాల తర్వాత దాదాపు మరుగున పడిన విద్య అది. పందొమ్మిదో శతాబ్దంలో గోథిక్ చర్చిల మోజుతో మళ్లీ లేచింది. 1845లో గాజు మీద పన్ను ఎత్తేశాక గాజు చవకైంది. 1851లో లండన్ హైడ్ పార్కులో ఇనుప చట్రాల్లో మూడు లక్షల దాకా గాజుపలకలు బిగించి క్రిస్టల్ ప్యాలెస్ కట్టారు. ఇవాళ్టి గాజు భవనాలన్నిటికీ అది ముత్తవ్వ. అంటే చర్చి కిటికీ, హైటెక్ సిటీ గోడ రెండూ ఒకే ఇంటి పిల్లలన్నమాట.

ఆ పరిశ్రమలో వర్క్‌షాపులన్నీ మగవాళ్లవి. ఆడవాళ్లు డిజైను గీయొచ్చు, గాజు ముట్టుకునే చోటికి మాత్రం రాకూడదు. బొమ్మ గీసి ఇచ్చేస్తే ఎవరో కోస్తారు, ఎవరో కాలుస్తారు. ఈ కంచె దాటిన మనిషి మేరీ లౌండెస్. 1856లో పుట్టింది. స్లేడ్ స్కూల్లో చదువుకుంది. హెన్రీ హాలిడే అనే కళాకారుడి దగ్గర సహాయకురాలిగా చేరి, గాజు పని సొంతంగా నేర్చుకుంది. 1897లో ఆల్‌ఫ్రెడ్ డ్రూరీ అనే పనివాడితో కలిసి కంపెనీ పెట్టింది. 1906లో ఫుల్హమ్‌లో గ్లాస్ హౌస్ అని ఒక వర్క్‌షాపు కట్టించారు ఇద్దరూ. సొంత కొలిమి పెట్టుకునే స్తోమత లేని కళాకారులు అక్కడ గది అద్దెకు తీసుకుని మొదటి గీత నుంచి చివరి టంకం దాకా తమ కిటికీని తామే చూసుకోవచ్చు. వచ్చినవాళ్లలో ఎందరో ఆడవాళ్లు.

ఆమె అక్కడితో ఆగలేదు. 1907లో ఆర్టిస్ట్స్ సఫ్రేజ్ లీగ్‌కి నాయకత్వం తీసుకుంది. 1908 జూన్ 13న లండన్ వీధుల్లో ఓటు హక్కు కోసం ఆడవాళ్లు చేసిన ఊరేగింపుకి డజన్ల కొద్దీ జెండాలు తయారు చేయించింది. ఆ జెండాల డిజైన్లు చూడండి. పెద్ద పెద్ద రంగు గుడ్డ ముక్కలు, చుట్టూ ముదురు అంచు. గాజూ సీసమూ తెలిసిన చెయ్యి అది. చర్చి లోపల ఉన్నవాళ్లకే కనబడే కిటికీని గుడ్డలోకి మార్చి వీధిలోకి పట్టుకొచ్చిందామె. రెండు వైపుల నుంచీ కనిపించేలా!

గ్లాస్ హౌస్‌లో పనిచేసిన కెరొలిన్ టౌన్‌షెండ్ కథ ఇంకోటి. 1910లో బెర్నార్డ్ షా కోరిక మీద ఫేబియన్ సొసైటీ వాళ్ల బొమ్మలతో ఒక కిటికీ చేసింది. పైన షా, సిడ్నీ వెబ్ కలిసి భూగోళాన్ని దాగలి మీద పెట్టి సమ్మెటలతో కొడుతుంటారు. కింద వరసలో మిగతా సభ్యులు, వాళ్లలో ఆడవాళ్లూ, మోకరిల్లి ఉంటారు. ఆ వరస చివర తననీ గీసుకుంది టౌన్‌షెండ్. 1978లో ఆ కిటికీని ఎవరో ఎత్తుకుపోయారు. చివరికి అమెరికాలో తేలి, 2006 నుంచి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఉంది. చేసిన మనిషి చేసిన వస్తువులోనే నిలబడి ఉంటే ఆమెని ఎవరు చెరపగలరు? దొంగలు కూడా ఆమెని వెంటపెట్టుకునే పోయారు.

ఇప్పుడు మాదాపూర్‌కి వస్తాను. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ని ప్రారంభించారు. చుట్టూ బండరాళ్లు, మేకలు మేసే బీడు. ఆ తర్వాత వచ్చినవన్నీ గాజు మేడలు. ఈ గాజుకి రంగు బొమ్మలుండవు, పైన కంటికి కనిపించనంత పల్చని లోహపు పూత ఉంటుంది. ఎటువైపు వెలుగు ఎక్కువుంటే ఆ వైపున్న వాళ్లకి అద్దంలా ముఖమే కనిపిస్తుంది. పగలు మేం లోపలి నుంచి అంతా చూసేవాళ్లం. కింద తట్టలు మోస్తున్న పాలమూరు ఆడవాళ్లు, చెట్టుకి కట్టిన ఉయ్యాలలో వాళ్ల పసిపిల్లలు. వాళ్లు తలెత్తితే వాళ్లకి కనిపించేది మబ్బులు. మేం కనిపించం. రాత్రి దీనికి తలకిందులు. లోపల లైట్లు వెలగ్గానే మాకు గాజులో మా ముఖాలే కనిపిస్తాయి. కింద టీ బండి దగ్గర నిలబడ్డ మగవాళ్లకి మేం కనిపిస్తాం. చర్చి కిటికీకీ ఇదే సూత్రం. పగలు లోపలి వాళ్లకి, రాత్రి దీపాలు పెడితే బయటి వాళ్లకి.

కంపెనీ దీనికి ఒక పరిష్కారం కనిపెట్టింది. రాత్రి షిఫ్టులో ఉన్న మహిళా ఉద్యోగులు తమ భద్రత దృష్ట్యా బ్లైండ్లు దించుకోవాలని ఒక మెయిల్ వచ్చింది. కింద నిలబడి చూసేవాళ్లకి ఏ మెయిలూ వెళ్లలేదు. ఇరవై ఒకటో శతాబ్దపు గాజుమేడలో, ప్రపంచం మొత్తానికి సాఫ్ట్‌వేర్ రాసే చోట, మా అమ్మమ్మ కాలపు పరదా చక్కగా తాడు లాగితే దిగేది. 2013 అక్టోబరులో ఇక్కడే ఒక ఉద్యోగినిని కారులో ఎక్కించుకుపోయి అత్యాచారం చేశారు. ఏడాది తిరిగేసరికి, 2014 అక్టోబరులో, నగరంలో షీ టీమ్స్ వచ్చాయి. అవి అవసరమే, కాదనను. కానీ దించాల్సింది ఎవరి రెప్పలు అనే ప్రశ్న ఆ మెయిల్ నాటి నుంచి ఇప్పటి దాకా నాతోనే ఉంది.

మా అంతస్తులో లోపలి అద్దాలు తుడిచే ఆమె ఈ మెయిల్ సంగతి విని నవ్వింది. నా ఈడుదే. నేను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను మేడం అనేది. ఎన్నిసార్లు చెప్పినా మేడమే. బయటి అద్దాలు తాళ్ల మీద వేలాడుతూ మగవాళ్లు తుడిచేవారు, లోపలివి ఆడవాళ్లు. "పడదలు దించుకుంటె మంచిదే మేడం, అద్దం మీద చేతుల గుర్తులు పడవు, నాకు పని తక్క" అంది. ఆమెకి మా క్యాంటీన్‌లో కూర్చునే హక్కు లేదు. సర్వీస్ లిఫ్ట్ పక్కన మెట్ల మీద కూర్చుని అన్నం తినేది. అక్కడ కిటికీ లేదు. రోజంతా వెలుగుని తుడిచి పెట్టే మనిషి ట్యూబులైటు కింద తినేది.

నేనోసారి కంప్యూటర్లో రంగుటద్దాల బొమ్మలు చూస్తుంటే వెనక నిలబడి చూసింది. "గిసొంటియి మా మెదక్ గుడిల ఉన్నయి మేడం. మా నాయినమ్మ ఆ గుడికి రాళ్లు మోసింది" అంది.

మెదక్ చర్చి మీ అందరికీ తెలిసిందే. వెస్లియన్ మెథడిస్ట్ మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టించారు. 1914లో మొదలై, 1924 డిసెంబరు 25న తెరిచారు. నూరడుగుల వెడల్పు, రెండొందల అడుగుల పొడవు, నూట డెబ్భై అయిదు అడుగుల గంట గోపురం. మొదటి ప్రపంచయుద్ధం, దాని వెంట కరువు వచ్చిన రోజులవి. తిండి లేని జనానికి పని చూపించి గింజలిచ్చి కట్టించారని మెదక్‌లో ఇంటింటా చెప్పుకుంటారు. లోపల మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలు. ఏసు పుట్టుక, సిలువ, ఆరోహణం. మూడూ ఇంగ్లండ్ నుంచి వచ్చినవే. చేసింది ఫ్రాంక్ ఓ. సాల్స్‌బరీ, రాజకుటుంబాల చిత్తరువులు వేసి పేరు తెచ్చుకున్నవాడు. 1874లో పుట్టి, పదిహేనేళ్లప్పుడే అన్నగారి రంగుటద్దాల వర్క్‌షాపులో పని నేర్చుకున్నాడు. మెదక్ కిటికీలు ఇరవయ్యో శతాబ్దానివైనా ఆ చెయ్యి విక్టోరియా కాలంలో తిరిగిన చెయ్యి. సాల్స్‌బరీ పేరు గైడ్లందరూ చెప్తారు. పోస్నెట్ పేరు అందరూ చెప్తారు. "మీ నాయనమ్మ పేరేంటి అక్కా?" అనడిగాను. "అందరు అవ్వ అనేటోళ్లు. పేరు నాకెరుక లేదు మేడం" అంది.

2009 క్రిస్మస్‌కి నన్ను తనతో తీసుకెళ్లింది. బస్సు దిగిన క్షణం నుంచి నేను మేడంని కాను. "మా ఆఫీసుల చెల్లె" అని చుట్టాలకి చెప్పింది. ఆ రాత్రి వాళ్ల తమ్ముడింట్లో పడుకుని, తెల్లవారుజామున నాలుగింటికే బయల్దేరాం. మొదటి ఆరాధన చీకట్లోనే మొదలవుతుంది. ఆవరణంతా జనం. చలికి దుప్పట్లు కప్పుకుని కొందరు రాత్రంతా అక్కడే పడుకున్నారు. లోపల దీపాలు వెలుగుతుంటే ఆ కిటికీల రంగులు మసకమసగ్గా బయటికి కనిపించాయి. బయట ఉన్నవాళ్లకి అద్దం ఆ కాస్సేపే ఏదైనా చూపిస్తుంది. ఎలాగో లోపల చోటు దొరికింది. తెల్లారేకొద్దీ బలిపీఠం వెనకున్న ఆరోహణం కిటికీ మెల్లగా తెలియసాగింది. మసక వెలుతురులో కంటికి నీలం ముందు తెలుస్తుంది, ఎరుపు ఆలస్యంగా వస్తుంది. పొద్దుపోయాక ఎన్ని కరెంటు దీపాలు పెట్టినా ఈ బొమ్మలు లోపలివాళ్లకి కనిపించవని అక్కడివాళ్లు ఆశ్చర్యంగా చెప్తారు. మాదాపూర్‌లో రాత్రి షిఫ్టు చేసిన నాకు ఆ ఆశ్చర్యం కొత్త కాదు.

బయటికొచ్చాక మామిడి చెట్టు కింద కూర్చుని నా సందేహం చెప్పాను. ఈ కిటికీల్లో ఆడదానికి దొరికే చోటు చూడు అక్కా, అన్నాను. పుట్టుక బొమ్మలో కన్నతల్లి, సిలువ బొమ్మలో ఏడ్చే తల్లి. యూరప్ నిండా ఉన్న వేల కిటికీల్లో ఇదే వరస. కనడం, ఏడవడం. ఇది మనం సెమినార్లలో ఎన్నోసార్లు చెప్పిన మాట, ఇప్పటికీ అది నిజమనే నమ్ముతాను. ఆమె కాసేపు ఆలోచించింది. "ఏడిస్తె ఏడిసింది గని, ఆడ ఉన్నది గద చెల్లె. మగ శిష్యులంత ఉరికిన్రు" అంది. కాసేపాగి మళ్లీ, "మా నాయినమ్మ ఊర్ల గుడి లోపటికి ఎన్నడు పోలె. పోనియ్యలె. ఈ గుడిల మాత్రం ఆమె మోసిన రాళ్ల నడుమనే కూసుండి ఆ బొమ్మలు సూసింది. నువ్వు ఆడదాని జాగ ఎక్కడ అని అడుగుతున్నవు. మాకు ముందుగాల గడప దాటుడే" అంది.

మెదక్ ప్రాంతంలో ఆ మిషన్‌లో చేరినవాళ్లలో ఎక్కువమంది మాల మాదిగలు. గర్భగుడి దీపం దూరం నుంచి కూడా చూడనివ్వని మనుషులకి వంద అడుగుల వెడల్పు గల ప్రార్థనామందిరంలో నేల మీద కూర్చుని తలెత్తి చూసే హక్కు దొరకడం చిన్న విషయం కాదు. ఆ కిటికీ సామ్రాజ్యంతోపాటు వచ్చింది, నిజమే. మిషనరీల ఉద్దేశాలేమిటో మనం చర్చించాల్సిందే. కానీ రాళ్లు మోసిన మనిషి లోపలికి రాగలిగింది. హైటెక్ సిటీలో రాళ్లు మోసిన పాలమూరు ఆడవాళ్లు మేడ పూర్తయిన మర్నాడు ఆ గేటు దాటలేదు. కార్డు గీకితే తెరుచుకునే తలుపుకి ఏ కులమూ తెలియదంటారు. తెలియకుండానే అది ఎవర్ని ఆపాలో వాళ్లనే ఆపుతుంది. నాలాంటి వాళ్లని లోపలికి రానిచ్చి, చీకటిపడగానే తెర దించుకోమంటుంది. మా ఇద్దరి కష్టం ఒకటేనని నేను అనను. ఒకే అద్దం దగ్గర మేం రెండు రకాలుగా నిలబడ్డాం.

2012లో మా కంపెనీ హౌస్‌కీపింగ్ ఏజెన్సీని మార్చింది. పాతవాళ్లందర్నీ ఒక్క వారంలో తీసేశారు. ఆమెని, ఆమెతోపాటు ఉన్న పదిమందిని కొనసాగించమని మేం నలభైమందిమి సంతకాలు చేసి ఇచ్చాం. వాళ్లు మన ఉద్యోగులు కారు కాబట్టి మన పరిధిలో లేదు అని జవాబొచ్చింది. పదకొండేళ్లు ఆ అద్దాలు తుడిచిన మనిషి వాటి పరిధిలో లేదట!

1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్లు 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, తెలంగాణ సాయుధ పోరాటంలో అన్నం మోసిన, తుపాకీ పట్టిన ఆడవాళ్లు తమ నోటితో తమ కథ చెప్పారు. అడిగేవాళ్లుంటే చెప్పేవాళ్లుంటారని ఆ పుస్తకం మనకి నేర్పింది. మెదక్ రాళ్లు మోసిన వాళ్లని అలా అడిగే వయసు దాటిపోయింది, వాళ్లెవరూ లేరు. వాళ్ల పిల్లలు కొందరున్నారు. మెదక్ చర్చికి 2024 డిసెంబరుతో నూరేళ్లు నిండాయి. రంగుటద్దాల కిటికీల్లో సీసం పట్టీలు కూడా నూరేళ్లకి అటూ ఇటూగా అలిసిపోతాయి. అప్పుడు అద్దాలన్నీ విప్పి కొత్త సీసం వేయాలి. ఇంగ్లండ్‌లో అలా పాత కిటికీలు విప్పినప్పుడు ఒక్కోచోట పట్టీ కింద దాగిన అద్దం అంచు మీద పనివాళ్లు గీరిన పేర్లు, తేదీలు బయటపడ్డాయి. ఎవరూ చూడరని తెలిసీ గీరుకున్నారు. తట్టమోసే చేతులకి ఆపాటి అంచు కూడా దొరకదు.

ఈ వ్యాసం రాస్తున్నానని ఈమధ్య ఆమెకి ఫోన్ చేశాను. నీ పేరు రాయనా అక్కా అనడిగాను. వద్దంది. ఆమె కోడలు ఇప్పుడు నానక్‌రాంగూడలో ఇంకా పెద్ద గాజుమేడలో అదే పని చేస్తోంది. "పేరు పేపర్ల వస్తె ఏజెన్సోళ్లు ఆ పిల్లను అడుగుతరు. పని పోతది. నా పేరు వద్దు చెల్లె" అంది. అందుకే ఇందులో ఆమె పేరు లేదు. మీలో ఎవరైనా ఇది చదివి, మేరీ లౌండెస్ పేరు రాసి ఈమె పేరు దాచావేం అనడుగుతారని ముందే చెప్తున్నాను.

ఫోన్ పెట్టేసి పావుగంట కాలేదు, తనే మళ్లీ చేసింది. "మా మేనత్త ఉన్నది. నాయినమ్మ సొంత బిడ్డ. ఆమెకు తల్లి పేరు ఎరుకుంటది. గది రాయి, ముసలామె పేరు రాస్తె ఎవల పని పోతది?" అంది. మేనత్తకి తొంభై దాటాయట. చెవులు సరిగ్గా వినపడవు, దగ్గర కూర్చుని గట్టిగా అడగాలట. వచ్చే ఆదివారం ఇద్దరం మెదక్ పోతున్నాం.